జాగ్రత్త పడితే నష్టమేముంది?

2024 మే 11, శనివారం. లోక్‌సభ ఎన్నికల ప్రచారం ఆ సాయంత్రమే ముగిసింది. రోజుల తరబడి ఊరూరా మోగిన మైకులు ఒక్కసారిగా మూగబోయాయి. మేము ఒక బంధువుల ఇంటి పని మీద సిద్దిపేట సమీపంలోని చంద్లాపూర్‌లో ఉన్నాము. ఇషా నమాజు ముగించి బయటికి వచ్చేసరికి రంగనాయక సాగర్ వైపు నుండి చల్లని గాలి వీస్తున్నది. చెప్పులు తొడుక్కుంటుండగా ఆటో నడిపే ఒక యువకుడు దగ్గరికి వచ్చి సలాం చేసి, తన ఫోను మా ముందు పెట్టాడు.

"హజ్రత్, ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఫోన్లు బంద్ పెట్టాల్నట. సూర్యునిల పేలుడైందట, కిరణాలు వస్తయట. నాసా వాళ్ళు చెప్పిండ్రని రాసి ఉన్నది. నిజమేనా?"

సూర్యుని తుఫాను గురించి ఆ రోజు టీవీలలో చెబుతూనే ఉన్నారు. మేము ఆ సందేశం చదివాము. దానిలో తేదీ లేదు. ఆ మాట ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నారో లేదు. పదిమందికి పంపండి అన్న మాట మాత్రం ఉన్నది. ఒక హదీసును ఇట్లా తెచ్చి చూపితే, చెప్పినవారెవరు, వారికి చెప్పినవారెవరు అని మా విద్యార్థులను నిలబెట్టి అడుగుతాము. ఆ రాత్రి అలసి ఉన్నాము. "నిజమో కాదో అల్లాహ్‌కు తెలుసు. జాగ్రత్త పడితే నష్టమేముంది? బంద్ పెట్టుకో" అన్నాము.

నష్టమేమిటో తెల్లవారకముందే తెలిసింది. పక్క వాడకట్టులో ఒక ఇంటి ఆడపడుచు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నది. నొప్పులు మొదలైతే ఏ వేళనైనా ఫోను చేయమని ఈ యువకుడే వారం ముందు వారికి మాట ఇచ్చాడు. రాత్రి ఒంటిగంట దాటాక నొప్పులు మొదలైనాయి. వారు ఫోను చేశారు. మళ్ళీ చేశారు. ఫోను స్విచ్ఛాఫ్. చివరకు ఆమె తమ్ముడు చీకటిలో ఊరి ఆ కొసకు పరుగెత్తి, తలుపు తట్టి, మేడ మీద పడుకున్న మనిషిని లేపి తీసుకువచ్చేసరికి గంటకు దగ్గరగా పోయింది. బిడ్డ సిద్దిపేట చేరకముందే ఆటోలోనే పుట్టింది. తల్లీబిడ్డ క్షేమంగా ఉన్నారు, అల్హమ్దులిల్లాహ్.

ఫజ్ర్ తరువాత ఆ యువకుడు వచ్చి జరిగినదంతా చెప్పాడు. మమ్మల్ని నిందించలేదు. "మీరు చెప్పినట్టే బంద్ పెట్టిన హజ్రత్" అని మాత్రం అన్నాడు. సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టుగా అన్నాడు. సంజాయిషీ ఇచ్చుకోవలసింది మేము.

ఇమామ్ మాలిక్ (రహ్మ) గారిని దూరదేశం నుండి వచ్చిన ఒకరు నలభైకి పైగా ప్రశ్నలు అడిగితే, వాటిలో అధిక భాగానికి ఆయన "నాకు తెలియదు" అని జవాబిచ్చారని గ్రంథాలలో ఉన్నది. ఈ ఉదంతాన్ని మేము ఏటా కొత్త విద్యార్థులకు చెబుతాము. చెప్పడం తేలిక. మసీదు మెట్ల మీద, ఒక కుర్రవాడు నమ్మకంతో కళ్ళలోకి చూస్తూ అడిగినప్పుడు, తెలియదనడం అంత తేలిక కాదని మాకు ఆ రాత్రి అర్థమయింది. తెలియదని ఉంటే అతడు మరొకరిని అడిగేవాడు. "నష్టమేముంది" అన్న మాట వినడానికి వినయంగా ఉంటుంది గానీ, అది కూడా ఒక ఫత్వాయే.

ఇక అసలు విషయానికి వద్దాము. ఆ సందేశం అబద్ధమే. పన్నెండున్నర నుండి మూడున్నర అన్న అదే మాట, నాసా పేరో బీబీసీ పేరో తగిలించుకుని, చాలా ఏళ్ళుగా ఫోన్లలో తిరుగుతూనే ఉన్నది. కానీ ఆ దినాలలో సూర్యునిపై జరిగింది మాత్రం అబద్ధం కాదు. మన చిక్కంతా ఇక్కడే ఉన్నది. అబద్ధం ఎప్పుడూ ఒక నిజం భుజం మీద చెయ్యి వేసుకునే వస్తుంది.

సూర్యుని ముఖం మీద అప్పుడప్పుడు నల్లని మచ్చలు ఏర్పడతాయి. అవి అయస్కాంత శక్తి మెలికలు పడి బిగుసుకున్న చోట్లు. 2024 మే మొదటి వారంలో అటువంటి మచ్చల గుంపు ఒకటి పెరిగి పెరిగి, మన భూములు పదిహేను పక్కపక్కన పేర్చినంత వెడల్పయింది. శాస్త్రజ్ఞులు దానికి 13664 అని సంఖ్య ఇచ్చారు. బిగుసుకున్న మెలికలు తెగినప్పుడు రెండు జరుగుతాయి. ఒకటి జ్వాల. దాని కాంతి ఎనిమిది నిమిషాలలో మనను చేరుతుంది. రెండవది, వందల కోట్ల టన్నుల వేడి వాయువు తన అయస్కాంతంతో సహా అంతరిక్షంలోకి ఎగజిమ్మబడడం. అది పదిహేను కోట్ల కిలోమీటర్లు దాటి ఇక్కడికి రావడానికి సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. ఈ మచ్చ నుండి అటువంటివి వరుసగా బయలుదేరాయి. తీవ్రమైన తుఫాను రావచ్చునని అమెరికా వాతావరణ శాఖ మే 9ననే హెచ్చరించింది. మన గడియారం ప్రకారం మే 10, శుక్రవారం రాత్రి అది భూమిని తాకింది. 2003 అక్టోబరు తరువాత అంతటి తుఫాను అదే మొదటిది. ధ్రువాల వద్ద మాత్రమే కనిపించే ఆకాశపు వెలుగులు ఆ రాత్రి ఎంతో దక్షిణాన ఉన్న దేశాలలోనూ కనిపించాయి. మన లద్దాఖ్‌లోని హాన్లే పరిశీలనశాల కెమెరాలలో ఆకాశం అంచు ఎర్రబారడం నమోదయింది. అమెరికాలో ఉపగ్రహాల సంకేతాన్ని బట్టి తిన్నగా విత్తనాలు నాటే ట్రాక్టర్లు నడుమ దున్నకంలో ఆగిపోయాయి. మన దేశం మీద ప్రభావం తక్కువే. తుఫాను ప్రధానంగా తాకినది తెల్లవారుజామున కావడం, భూమి మీద మనం ఉన్న చోటు, ఇందుకు కారణాలని ఇస్రో తెలిపింది.

గమనించండి. మన కుర్రవాడు ఫోను బంద్ పెట్టినది శనివారం రాత్రి. తుఫాను వచ్చి తాకినది అంతకు ముందు రాత్రే. ఆ రాత్రి అందరి ఫోన్లూ తలగడల పక్కనే ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

సూర్యుని తుఫాను వలన భయపడవలసినవి వేరే ఉన్నాయి. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో అరవై లక్షల మందికి సుమారు తొమ్మిది గంటలు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో ఒక అమెరికా సంస్థ అప్పుడే పంపిన 49 ఉపగ్రహాలలో ముప్ఫై ఎనిమిదింటి దాకా పడిపోయి కాలిపోయాయి. విద్యుత్ తీగలకు, ఉపగ్రహాలకు, అంతరిక్షంలో ఉన్న మనుషులకు అది నిజమైన ప్రమాదం. నేల మీద నిద్రపోతున్న మనిషికి, అల్లాహ్ పరచిన గాలి పొర, భూమి చుట్టూ ఉంచిన అయస్కాంతపు గొడుగు రక్ష.

ఇది ఒక వైపు. రెండవ వైపు వారం తరువాత ఎదురయింది. మళ్ళీ చంద్లాపూర్‌లోనే, ఒక అరుగు మీద చాయ తాగుతుండగా, ఊరి పెద్దాయన ఒకరు ఈ మాట ఎత్తారు. "సూర్యుని దాక ఎవరన్న పొయ్యొచ్చిండ్రా మౌల్సాబ్? అంతా సైంటిస్టులు చెప్పే కథలు. వాన పడుతదన్న నాడు పడది. కరోనా నాడు పొద్దుగాల ఒక మాట, మాపటికి ఒక మాట. వీళ్ళను ఎట్ల నమ్ముడు?" అన్నారు. చుట్టూ ఉన్నవారు తలలూపారు. ఆ రాత్రి ఆయన ఫోను కూడా బంద్‌లోనే ఉన్నదని ఆయన మనుమడు మెల్లగా మా చెవిలో వేశాడు.

మాకు నవ్వు రాలేదు. పేరు లేని సందేశాన్ని నమ్మిన మనసే, పేరు పెట్టి చెప్పిన మాటను అనుమానిస్తున్నది. ఇది ఒక్క పెద్దాయన సంగతి కాదు. శాస్త్రజ్ఞుడు "రావచ్చు" అంటాడు, సందేశం "వస్తుంది" అంటుంది. "రావచ్చు" అనేవాడికి ఏమీ తెలియదనుకుంటాము, "వస్తుంది" అనేవాడికి అంతా తెలుసుననుకుంటాము. నిజానికి తన మాటకు హద్దు ఎక్కడో తెలిసినవాడే "రావచ్చు" అనగలడు. మన ముహద్దిసీన్ ఒక హదీసును సహీహ్ అని, మరొకదానిని హసన్ అని, ఇంకొకదానిని జయీఫ్ అని ఎందుకు వేరుచేశారు? అన్నిటినీ ఒకే గొంతుతో చెప్పి ఉంటే జనానికి వినడానికి బాగుండేది. ఇల్మ్ మాత్రం మిగిలేది కాదు.

అయినా పెద్దాయన ప్రశ్నలో బలమున్నది. పోయి చూడకుండా ఎట్లా తెలుస్తుంది? దీనికి జవాబు మన తెలుగు నేల మీదనే దొరికింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన ప్రాంతం మీదుగా సాగింది. దానిని చూడడానికి ఫ్రాన్సు నుండి జాన్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు ఓడలెక్కి గుంటూరు వచ్చాడు. మద్రాసు పరిశీలనశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. అదే పరిశీలనశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు తన బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తిలో యంత్రాలు నిలిపారు. ఈ రఘునాథాచారి గారి గురించి ఒక మాట. శుక్రుడు సూర్యబింబాన్ని దాటే 1874 నాటి ఘటన గురించి జనం భయపడకుండా ముందుగానే పుస్తకం రాసి, దానిని ఉర్దూలో కూడా వెలువరించిన మనిషి ఆయన. మన వాళ్ళకు మన భాషలో చెప్పాలన్న తపన నూటయాభై ఏళ్ళ కిందటే ఒక బ్రాహ్మణ పండితునికి ఉన్నది. మనకు ఇప్పటికీ అరకొరగానే ఉన్నది.

గ్రహణం సంపూర్ణమైనప్పుడు చంద్రుని నల్లని అంచు వెంట ఎర్రని నాలుకలు కనిపిస్తాయి. అవి సూర్యుని నుండి లేచిన మేఘాల వంటివి. వాటిలో కొన్ని తెగి ఎగిరిపోయినప్పుడు కూడా మనం పైన చెప్పుకున్న వంటి తుఫానులు పుట్టవచ్చు. అవి దేనితో తయారయ్యాయో అప్పటికి తెలియదు. జాన్‌సెన్ ఆ వెలుగును ఒక గాజు పట్టకం గుండా పంపి రంగులు విడదీసి చూశాడు. హైడ్రోజన్ వాయువు వెలిగినప్పుడు వచ్చే గీతలే అక్కడా వచ్చాయి.

దీనిని మేము మా విద్యార్థులకు వంటింట్లో చూపించాము. గ్యాస్ పొయ్యి నీలి మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే, మంట ఒక్క క్షణం పసుపు పచ్చగా వెలుగుతుంది. అది ఉప్పులోని సోడియం సంతకం. ప్రతి పదార్థానికీ ఇటువంటి సంతకం ఒకటి ఉన్నది. ఒకని సంతకం మరొకనిది కాదు. దస్తావేజు చూసి దాని మీద సంతకం ఎవరిదో గుర్తుపట్టడానికి ఆ మనిషి ఇంటికి పోనక్కర లేదు కదా. పిల్లలు ఉప్పు డబ్బా సగం ఖాళీ చేశారు. మా ఇంటివారు కోప్పడ్డారు. కానీ మరునాడు ఒక పిల్లవాడు, పటిక చల్లితే ఏ రంగు వస్తుందని అడిగాడు. మాకు తెలియదన్నాము. ఈసారి నిజంగానే తెలియదన్నాము.

జాన్‌సెన్ చేసిన పెద్ద పని మరునాటిది. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉండడం చూసి, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చునని ఆయనకు తట్టింది. ఆగస్టు 19 ఉదయం, మామూలు సూర్యుని అంచునే యంత్రం తిప్పి, ఆ మేఘాలను గుంటూరులో చూశాడు. ఇంగ్లండులో లాకియర్ అనే మరొకాయన ఇదే ఉపాయాన్ని వేరుగా కనిపెట్టాడు. ఇద్దరి లేఖలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు అందాయి. ఇద్దరు మనుషులు, రెండు దేశాలు, ఒకరితో ఒకరికి సంబంధం లేదు, మాట ఒకటే. రెండు వేరు వేరు మార్గాలలో వచ్చిన కథనానికి మన విద్యలో ఎంత విలువ ఇస్తామో పాఠకులకు చెప్పనక్కర లేదు. ఇక్కడ ఒక చిన్న దిద్దుబాటు కూడా అవసరం. గుంటూరులోనే హీలియం అనే కొత్త మూలకాన్ని జాన్‌సెన్ కనుగొన్నాడని మన పత్రికలు గర్వంగా రాస్తుంటాయి. ఆ గ్రహణంలో పసుపు గీతను చూసిన పలువురు దానిని సోడియం గీతగానే భావించారు. అది వేరని ఆ ఏడాది చివరలో గుర్తించినవాడు లాకియర్. భూమి మీద అది దొరికింది 1895లో. గర్వపడడానికి గుంటూరులో నిజంగా జరిగిందే చాలును.

శాస్త్రజ్ఞులు తమలో తాము అనుమానించుకోరా అంటే, మనకంటే ఎక్కువగా అనుమానించుకుంటారు. 1859 సెప్టెంబరు 1న కారింగ్టన్ అనే ఆంగ్లేయుడు సూర్యుని మచ్చల బొమ్మ గీస్తుండగా వాటి మీద తెల్లని మెరుపు మెరిసింది. పదిహేడు గంటల పైచిలుకు గడిచాక భూమి అయస్కాంతం ఊగిపోయింది. టెలిగ్రాఫ్ తీగలలో నిప్పురవ్వలు లేచాయి. బొంబాయిలోని కొలాబా పరిశీలనశాలలో కూడా ఆ కుదుపు నమోదయింది. అయినా కారింగ్టన్ తొందరపడలేదు. ఒక్కసారి జరిగినదానిని బట్టి కార్యకారణాలు తేల్చకూడదన్నాడు. 1892లో లార్డ్ కెల్విన్ అనే మహా శాస్త్రజ్ఞుడయితే, సూర్యునికీ ఈ అయస్కాంతపు తుఫానులకూ సంబంధమే లేదని, అది కాకతాళీయమని, లెక్క వేసి మరీ ప్రకటించాడు. ఆయన పొరబడ్డాడు. కానీ అది లెక్క వేసిన అనుమానం. లెక్క ముందుంది గనుక, తరువాతివారు ఎక్కడ తప్పిందో పట్టుకోగలిగారు. "ఎవరన్న పొయ్యొచ్చిండ్రా" అన్న అనుమానాన్ని ఎవరూ దిద్దలేరు, అది దిద్దబడడానికి ఇష్టపడదు గనుక.

లెక్క వేసిన అనుమానం మన పెద్దలలోనూ ఉన్నది. మా చదువుల కాలంలో షర్హె చగ్మీనీ, తష్రీహుల్ అఫ్లాక్ వంటి పాత ఖగోళ గ్రంథాల కొన్ని పుటలైనా చదివించేవారు. వాటి నిండా యూనానీ ఊహలే. ఆకాశ గోళాలు నిర్మలమట, వాటిలో మార్పు ఉండదట. యూనానీ వైద్యుడు జాలీనూస్ ఇంకొక అడుగు వేసి, వేల ఏళ్ళుగా చూస్తున్నా సూర్యుడు తరగలేదు గనుక అది నశించేది కాదన్నాడు. దీనికి ఇమామ్ గజాలీ (రహ్మ) తహాఫుతుల్ ఫలాసిఫాలో ఇచ్చిన జవాబు చూడండి. సూర్యుడు తరగలేదని నీకెట్లా తెలుసు, నీ కొలతలు ఉజ్జాయింపువే కదా, భూమి కన్నా ఎన్నో రెట్లు పెద్దదయిన ఆ గోళం నుండి కొండలంత భాగం తగ్గినా నీ కంటికి ఆనుతుందా అని అడిగారు. తొమ్మిది వందల ఏళ్ళు దాటిన తరువాత చూస్తే, సూర్యుడు తన వెలుగు రూపంలోనే క్షణానికి నలభై లక్షల టన్నులకు పైగా కోల్పోతున్నాడు. తుఫానులలో పోయేది అదనం. మచ్చలు, మంటలు, తరుగుదల బయటపడినప్పుడు కూలినది యూనానీ తత్వం. ప్రతిదీ తనకు నిర్ణయించిన గడువు వరకే సాగుతుందని చెప్పిన దివ్య ఖుర్‌ఆన్‌కు అందులో ఇబ్బంది ఏమీ లేదు.

అదే గ్రంథం ముందుమాటలో గజాలీ (రహ్మ) మరొక మాట రాశారు. గ్రహణం ఎట్లా పడుతుందో లెక్క కట్టి చెప్పేవారితో, ధర్మం పేరు మీద వాదులాటకు దిగడం ధర్మానికే హాని అన్నది దాని సారాంశం. ఎందుకంటే లెక్క కళ్ళారా చూసినవాడు లెక్కను అనుమానించడు, ధర్మాన్ని అనుమానిస్తాడు. ఈ పుటను మేము ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాము. అయినా సైన్సు మాట వచ్చినప్పుడు "అంతా కథలు" అంటే మన సభలలో అదొక దీన్‌దారీగా చెల్లిపోతుంటే మౌనంగా ఉన్న రోజులు మాకు చాలా ఉన్నాయి. ఆ మాటలు వింటూ వెనుక వరుసలో ఇంటర్మీడియట్ సైన్సు చదివే పిల్లలు కూర్చుని ఉంటారు. వారు మమ్మల్ని ఏమీ అడగరు. అడగకపోవడమే మాకు భయం.

మదీనాలో దైవప్రవక్త (స) వారి పసి కుమారుడు ఇబ్రాహీం కన్నుమూసిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కల ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడే చీకటయ్యాడని జనం అనుకున్నారు. ఒక్కసారి ఆ ఘడియను ఊహించండి. తండ్రి దుఃఖంలో ఉన్నారు. ప్రజలు చెప్పుకుంటున్న మాట ఆయన గౌరవాన్ని ఆకాశానికెత్తేదే. మౌనంగా ఉంటే చాలు. జాగ్రత్త పడితే నష్టమేముందని మేము అనుకున్నట్టు, అనుకోనిస్తే నష్టమేముందని ఎవరైనా అనుకునే ఘడియ అది. ఆయన (స) అనుకోలేదు. నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు స్పష్టం చేశారు. తన ఇంటి శోకం వలన పుట్టిన అపోహను, తన ఇంటి శోకం ఆరకముందే తుడిచారు.

కారణం తెలిసినప్పుడు ఇక నమాజు ఎందుకని మా విద్యార్థి ఒకడు అడిగాడు. వాన ఎట్లా కురుస్తుందో తెలిసీ వాన కోసం నమాజు చేస్తాము. జబ్బు ఏ క్రిమి వలన వచ్చిందో తెలిసీ దుఆ చేస్తాము. తెలియనిదానికి మాత్రమే మొక్కడం మన మార్గం కాదు. 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతం మీద సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు మేము బాలురము. వీధులు నిర్మానుష్యమైనాయి. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఆ రోజునే హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ పరిశీలనశాలలో శాస్త్రజ్ఞులు యంత్రాలతో ఆకాశం వైపు చూస్తున్నారు. మా ఇంట్లో మాత్రం మా తండ్రిగారు ఒక్కరే టోపీ పెట్టుకుని, తలుపు తీసుకుని గ్రహణపు నమాజుకు వెళ్ళారు. వీధిలో ఆయన ఒక్కరే నడిచి పోతుండడం దుప్పటి సందులోంచి చూశాము.

ఇంకొక అపోహ ఉన్నది, దానిని త్వరగా ముగిస్తాము. ఆ వేసవిలో తెలంగాణలో పలుచోట్ల ఎండ 45 డిగ్రీలు దాటింది. సూర్యుడు పేలడం వల్లనే ఇంత ఎండ అని చాలామంది అన్నారు. సూర్యుడు పదకొండేళ్ళకు ఒకసారి ఉద్రేకపడి శాంతిస్తాడు. ఆ హెచ్చుతగ్గులలో మనకు అందే మొత్తం వేడిలో తేడా వెయ్యింటికి ఒక వంతు మాత్రమే. మన ఎండలకు కారణాలు గాలిలో పేరుకున్న పొగలో, నరికిన చెట్లలో, పరచిన సిమెంటులో వెతకాలి. ఇది వట్టి వాదం కాదు. ఆ జూన్‌లోనే హజ్ యాత్రలో ఎండలు కాచి 1,300 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు అనుమతి పత్రాలు లేక, చల్లని గుడారాలు అందక, మైళ్ళ కొద్దీ నడిచినవారు. తప్పు సూర్యుని పేలుడు మీదికి తోస్తే, నీడ గురించి అడిగేవాడు ఉండడు.

ఒక వార్త వచ్చినప్పుడు, తెచ్చినవాడు నమ్మదగనివాడయితే విచారించండి, లేకుంటే తెలియక ఎవరికో హాని చేసి పశ్చాత్తాపపడతారని హుజురాత్ సూరా హెచ్చరిస్తున్నది. ఈ ఆయతును మనం సాధారణంగా చాడీల సందర్భంలో చదువుతాము. ఫోనులో వచ్చే సందేశానికి తెచ్చినవాడే ఉండడు. పంపినవాడు మనకు తెలిసిన బావమరిది కావచ్చు. అతడు మోసుకువచ్చాడు, అంతే. మొదట చెప్పినదెవరన్నది వేరే ప్రశ్న.

సూర్యుని సంగతి అడగాలంటే ఇప్పుడు మనకు మన వాళ్ళే ఉన్నారు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుండి ఎగిరిన ఆదిత్య-ఎల్1, భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన, 2024 జనవరి 6న తన స్థానం చేరింది. ఏడు పరికరాలతో సూర్యుని నిరంతరం చూస్తున్నది. వాటిలో ఒకటి సూర్యబింబాన్ని తానే మరుగుపరచి, కృత్రిమంగా గ్రహణం పట్టించి, అంచున లేచే మంటలను చూస్తుంది. జాన్‌సెన్ ఓడలెక్కి వెతుక్కుంటూ వచ్చిన గ్రహణం దానికి ప్రతి ఘడియా ఉన్నది. 2024 మే తుఫానును కూడా అది గమనించింది. ఆ ప్రాజెక్టును నడిపిన డైరెక్టర్ నిగార్ షాజీ గారు తమిళనాడులోని సెంగోట్టైకి చెందిన రైతు కుటుంబపు ముస్లిం ఆడబిడ్డ. ఆమె పేరు మా తరగతిలో చెప్పినప్పుడు, ఆడపిల్లల వైపు తల్లులు కూర్చునే చాప మీద ఒక్కసారి కదలిక వచ్చింది. "సూర్యుని దాక పొయ్యొచ్చిండ్రా" అన్న పెద్దాయనకు ఈసారి ఈ సంగతి చెప్పాము. ఆయన కొంతసేపు ఊరుకుని, "పిల్ల ఏ చదువు చదివిందంటవు?" అని అడిగారు. ఆయన మనుమరాలు తొమ్మిదవ తరగతిలో ఉన్నది.

2027 ఆగస్టు 2న మరొక సంపూర్ణ సూర్యగ్రహణం రానున్నది. ఈసారి ఆ నీడ మక్కా, జిద్దాల మీదుగా సాగుతుంది. పవిత్ర కాబా వద్ద పట్టపగలు దాదాపు ఐదు నిమిషాలు సూర్యుడు కనుమరుగవుతాడు. ఉమ్రాకు వెళ్ళిన మన వారు ఆ సమయాన అక్కడ ఉండవచ్చు. గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలు ఎందరో ఉంటారు. ఆ రోజుకు ముందు ఎన్ని సందేశాలు పుట్టుకొస్తాయో మేము ఇప్పుడే ఊహించగలము. దానికి ముందు జుమాలలో ఏమి చెప్పాలో సాటి ఉలమాలతో కూర్చుని మాట్లాడుకోవాలని, ఆ మాటలను సైన్సు తెలిసిన ఒకరికి ముందుగా చూపించాలని అనుకుంటున్నాము. చూడాలనుకునేవారికి కళ్ళకు కట్టుకునే ప్రత్యేక అద్దాల సంగతి కూడా చెప్పాలి. మామూలు నల్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు.

మొన్న చంద్లాపూర్ వెళ్ళినప్పుడు మమ్మల్ని సిద్దిపేట బస్సు ఎక్కించడానికి ఆ యువకుడే వచ్చాడు. ఆ బిడ్డ ఇప్పుడు నడుస్తున్నదని, తనను చూస్తే మామా అని వస్తుందని చెప్పాడు. ఆటో వెనుక భాగాన కొత్తగా తన నంబరు రాయించాడు. కింద ఎర్ర రంగుతో "రాత్రి ఏ వేళనైనా" అని ఉన్నది.